మేము చదివిన చీకటి నవలలు

గడచిన వేసవిలో ఎండలకు వెఱచి ఇల్లు కదలక, రెండు నెలలలో తొమ్మిది నవలలు చదివితిమి. తొమ్మిదింటిలోను ఎక్కడనో ఒకచోట ఒక శవము పడియున్నది. కొన్నింట అది మొదటి పుటలోనే ఎదురగును; కొన్నింట మూడు వందల పుటలు నడచిన పిదప గాని కానరాదు; ఒకదానిలో చనిపోవలసిన మనిషి కథ మొదలు కాకమునుపే చనిపోయినది. మా మేనకోడలు హైదరాబాదులో చదువుకొనుచున్నది. సెలవులకు వచ్చి, మంచము ప్రక్కన పేర్చిన ఈ పుస్తకముల దొంతరను చూచి, "మామా, పైసలు పెట్టి భయం కొనుక్కుంటున్నరా?" అని అడిగెను. అప్పటికి నవ్వి ఊరకుంటిమి. అడిగిన ప్రశ్న చిన్నది కాదని తరువాత తోచినది. ఈ ప్రసంగము ఆమెకు చెప్పవలసి చెప్పలేకపోయిన సమాధానమని శ్రోతలు భావింతురు గాక.

భయమునకు ముందు వింత పుట్టును. నల్లగొండ పట్టణమునకు కూతవేటు దూరమున పానగల్లు కలదు. అచ్చట కుందూరు చోడుల నాటి ఛాయా సోమేశ్వరాలయమున్నది. మూడు గర్భాలయములు గల త్రికూటము. అందొక గర్భాలయమున లింగము వెనుక గోడపై స్తంభము వంటి నీడ ఒకటి పగలంతయు కదలక నిలిచియుండును. సూర్యుడు తూర్పుననుండి పడమటికి పోవును. నీడ మాత్రము పోదు. చిన్ననాడు మా తాతగారు మమ్ము అక్కడికి తీసికొనిపోయి, "ఇది ఏ కంబపు నీడనో చెప్పు" అని పందెము పెట్టిరి. మేము బయటికి ఉరికి ఒక్కొక్క కంబము నొద్ద నిలుచుండి చేతులాడించితిమి. ఏ కంబమునొద్ద నిలిచినను నీడ చెదరలేదు. ఆ దినము మాకు నిదుర పట్టలేదు. తరువాతి కాలమున భౌతికశాస్త్రమెఱిగినవారు దీనికి కారణము చెప్పిరి. ఎండ నేరుగా లోనికి రాదట. స్తంభముల నడుమ నుండి చెదరివచ్చు వెలుతురు ఇరుప్రక్కల పడి, నడుమ వెలుగు తక్కువైన చోటు నీడయై నిలుచునట. అనగా ఆ నీడ ఏ ఒక్క కంబమునకును చెందినది కాదు. కారణము తెలిసిన పిదప మరల పోయి చూచితిమి. వింత తగ్గలేదు. తాతగారి ప్రశ్నలోనే మోసమున్నదని మాత్రము తెలిసినది. ఏ కంబమని అడుగుటచేతనే మేము నలుబది యేండ్లు తప్పుచోట వెదకితిమి.

మంచి అపరాధ పరిశోధక నవల చేయు పనియు ఇదియే. హంతకుడెవడని అది అడుగును. మనము మనుషులను లెక్కించుచు కూర్చుందుము.

ఇక పుస్తకములకు వత్తము. మొదట చదివినది ఇంగ్లీషు నవలయే యైనను మన ప్రాంతపుది. ఫిలిప్ మెడోస్ టేలర్ అను నతడు 1808లో ఇంగ్లండున పుట్టి, పదునైదు పదునారేండ్ల పిల్లవాడుగా ఈ దేశమునకు వచ్చి, నిజాము ప్రభుత్వపు సైన్యమున కొలువు కుదిరెను. పాలమూరి పడమటి పొలిమేర దాటి భీమకావల పోయినచో, నేడు కర్ణాటకమున నున్న సురపురమను సంస్థానము తగులును. 1840 దశకము మొదలు పెక్కేండ్లు టేలర్ దొర అచ్చట ఏజెంటుగా ఉండెను. ఆయన కట్టించుకొన్న బంగళా అక్కడ నేటికిని నిలిచియున్నది. అంతకు ముందే, 1839లో, ఆయన "ఒక థగ్గు ఒప్పుకోలు" అను అర్థమిచ్చు పేరుతో ఒక నవల ప్రకటించెను.

థగ్గులనగా బాటసారులతో చెలిమి చేసి, కలిసి నడచి, కలిసి భుజించి, ఒకనాటి రాత్రి మెడకు రుమాలు వైచి చంపు ముఠాలు. కథ చెప్పువాడు అమీర్ అలీ. పట్టుపడిన పిదప తన చరిత్రమునంతయు ఒక దొర యెదుట చెప్పుకొనుచుండును. ఏడ్వడు, వణకడు, బొంకడు. అంగడిలో సరకు ధర చెప్పినట్లు చెప్పును. "పొగాకు తెమ్ము" అను మాట వారిలో సంకేతము. ఆ మాట వినబడగానే రుమాళ్లు లేచును. నవలలో ఆ మాట రెండు మూడు తడవలు వచ్చిన పిదప, ఎవరైన పొగాకు పేరెత్తినను మా గుండె జల్లుమనెను. మా ఇంటి ముందర కూర్చుండు పెద్దలు పొద్దున్నే చుట్టకై పొగాకు అడిగినపుడు సయితము ఒకటి రెండు దినములు ఉలికిపడితిమని ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

ఆ నవలలో మిక్కిలి చీకటియైన ఘట్టము వేరొకటి. అమీర్ అలీ పసివాడుగా ఉన్నపుడు థగ్గులే అతని తలిదండ్రులను చంపి, వానిని పెంచుకొనిరి. అతని మెడలోని పాత నాణెము ఒకటి అతని చెల్లెలి మెడకు చేరినది. ఏండ్లు గడచిన పిదప ఒక బాటలో అతడొక యువతిని చంపి, ఆమె మెడలోని నాణెము తీసికొనును. అది ఎవరిదో అతనికి తెలియుట చాల తరువాత. చదువరికి మాత్రము అతనికంటె ముందే అనుమానము పుట్టును. ఆ నడుమనున్న పుటలను త్రిప్పుట ఎంత కష్టమో చెప్పజాలము. వద్దు వద్దని చేయి పట్టుకొని ఆపవలెననిపించును. కాని పుస్తకములోనికి చేయి పోదు గదా.

ఒక్క మాట. థగ్గుల గూర్చి తెల్లదొరలు వ్రాసినదెల్ల నిజమా, అందు తమ పాలనను గొప్ప చేసికొనుటకు కల్పించినది ఎంత యని నేటి చరిత్రకారులు తర్కించుచున్నారు. తర్కింపవలసినదే. బాటలో కనబడిన ప్రతి బైరాగిని, ప్రతి సంచారిని థగ్గని అనుమానించిన దినములవి. నవల చదివి ఆనందించునపుడు ఈ సంగతి మఱవరాదని మాకు తోచినది. ఎందుకో ముందు చెప్పెదము.

రెండవ దొంతర కొమ్మూరి సాంబశివరావుగారివి. 1926లో పుట్టి 1994లో కీర్తిశేషులైన ఈ రచయిత సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు, ఒక తరము చదువరులకు ఇంటి మనుషులు. దేవరకొండ బస్సు నిలుచు చోటనున్న అద్దె పుస్తకముల దుకాణమున మేము వీనిని రోజుకు పది పైసలిచ్చి తెచ్చుకొంటిమి. ఒక్క రాత్రిలో చదివి తెల్లవారి బస్సుకు తిరిగి పంపినచో ఒకనాటి అద్దె మిగులును. మా చదువునకు వేగము అలవడినది ఆ పది పైసల వలననే! కొన్ని ప్రతులలో తుది పుటలు చినిగియుండెడివి. హంతకుడెవడో తెలియక, దుకాణదారునే అడిగెడివారము. ఆయన చెప్పెడివాడు, దానికి వేరుగ పైసలడుగలేదు. ఇప్పుడు మరల చదువగా కథలు తేలికగనే యున్నవి. రోత పుట్టించు వర్ణనలు లేవు, వాక్యము పొట్టిది, ఏ అధ్యాయమును ఊరక ముగియదు. చీకటి నవలలని మేమన్నవానిలో ఇవి చేరునో చేరవో. ఇందులో శవమున్నను చీకటి లేదు. యుగంధర్ వచ్చిన పిదప అంతయు సర్దుకొనునని మనకు ముందే తెలియును.

సర్దుకొననిది ఒకటున్నది. దానికి వచ్చుటకే ఇంత దూరము నడచితిమి.

1980 దశకపు తొలి యేండ్లు. మాది నల్లగొండకును పాలమూరునకును నడుమ డిండి వాగుకు ఈవలనున్న ఒక మెట్ట పల్లె. జొన్న, ఆముదము, కొంచెము వేరుసెనగ. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి "తులసిదళం" ధారావాహికగా వెలువడుచుండెను. పత్రిక ఒక్క ప్రతి మా ఊరికి బస్సులో వచ్చెడిది. మేము పదునాలుగేండ్ల వారము. ఊరిలో గట్టి గొంతుతో తడబడక చదువగలవాడని పేరు తెచ్చుకొంటిమి. మాపటి వేళ మా అరుగుపై కందిలి పెట్టుకొని మేము చదువుట, వాడకట్టు వారు పదిపదునైదుగురు చుట్టు చేరి వినుట వాడుకయైనది. కథ అందరెఱిగినదే. ఒక చిన్నబిడ్డపై క్షుద్రప్రయోగము జరుగును. ఆ బిడ్డను కాపాడుటకు తలిదండ్రులును, మంత్రమునెఱిగినవారును, వైద్యమునెఱిగినవారును పెనుగులాడుదురు. ఆ నవల తెలుగునాట ఎంత గగ్గోలు పుట్టించెనో, ఎన్ని ముద్రణలు పొందెనో వేరుగ చెప్పనక్కరలేదు.

చేతబడి, బాణామతి అను మాటలను మా ఊరికి ఆ నవల తేలేదు. అవి అంతకు ముందే మా ఊరిలో కాపురమున్నవి. బర్రె ఒట్టిపోయినను, పసిబిడ్డ జ్వరము దిగకున్నను, ఎవరో ఏదో చేసిరని అనుట మామూలే. ఐనను అవి గొణుగుడు మాటలు. పుస్తకము చేతిలో పట్టుకొని, అచ్చులో నున్నదానిని గట్టిగా చదివినపుడు, గొణుగుడు గొంతెత్తును. పైగా ధారావాహిక యనగా వారమునకొక్క తుంపు. కథ పట్టరాని చోట ఆగును. తక్కిన ఆరు దినములు వినువారు దానిని తమ తలలలో అల్లుకొందురు. బిడ్డకు ఏమగునో పత్రిక వచ్చువరకు తెలియదు. కాని వాడకట్టులో ఒకరి బిడ్డకు ఫిట్సు వచ్చిన సంగతి అప్పుడే తెలియును.

ఊరి చివర వేపచెట్టు క్రింద ఒక ముదుసలి గుడిసె యుండెను. భర్త లేడు, కొడుకులు లేరు. వేపపండ్లేరి గింజలమ్ముకొని బ్రతికెడిది. తనలో తాను మాటలాడుకొనెడిది. ఆ ఏడు కార్తికమున ఒకరి బర్రె చచ్చెను. అదే వారమున ఆ బిడ్డకు ఫిట్సు వచ్చెను. ఒకనాటి మాపున మేము చదువుచుండగా, వినువారిలో ఒకరు ఏ మాటయు అనక, తల త్రిప్పి ఆ గుడిసె వైపు చూచిరి. అందరును అటు చూచిరి. మేమును చదువుట ఆపి చూచితిమి. అంతే జరిగినది. మరునాటినుండి ఆమెకు మంచినీళ్ల బావియొద్ద చోటు లేకపోయినది. గింజలు కొనువాడు కొననన్నాడు. పిల్లలు గుడిసెపై రాళ్లు వేసిరి. ఆ రాళ్లలో ఒకటి మాది.

పది దినములకు ఆమె మా అరుగు కడకు వచ్చినది. చదువు నడుచుచున్నది. దూరముగా నిలుచుండి, "పిలగా, ఆ బుక్కుల నా పేరు రాసిండ్రా?" అని అడిగినది. ఎవరును పలుకలేదు. మేము కందిలి వత్తి తగ్గించితిమి. ఎందుకు తగ్గించితిమో నేటికిని మాకు తెలియదు. కొంతసేపు నిలిచి ఆమె వెడలిపోయినది. ఆ చలికాలమునందే చనిపోయెను.

ఇట్టి అనుమానము చేత పండ్లు రాలగొట్టుటయు, కొట్టి చంపుటయు, తగులబెట్టుటయు తెలంగాణ పల్లెలలో పెక్కుచోట్ల జరిగినవి. అటువంటి వార్తలు నేటికిని పత్రికలలో అపుడపుడు వచ్చుచునే యున్నవి. మా ఊరిలో అంత జరుగలేదని చెప్పుకొని మేము చాలకాలము ఊరట పొందితిమి.

ఈ వేసవిలో "తులసిదళం" మరల తెచ్చి, పుస్తకరూపమున, మొదటినుండి తుదివరకు ఒంటరిగా చదివితిమి. చదువుచుండగా మాకొక సంగతి తోచి ఒడలు చల్లబడినది. ఆ నవలలో వైద్యులున్నారు. మనస్సు యొక్క రోగములను గూర్చి, హిప్నాటిజమును గూర్చి మాటలాడువారున్నారు. మంత్రము ఒక దారిని, శాస్త్రము ఒక దారిని నడచును. దేనివలన ఏమి జరిగెనో చదువరి తేల్చుకొనవలసినట్లు రచయిత రెండు దారులను ప్రక్కప్రక్కనే పఱచెను. ఆ రెండవ దారి మాకు జ్ఞాపకమే లేదు. ఏలననగా, అరుగుపై చదువునపుడు ఆ భాగములను మేమే దాటవేసితిమి. డాక్టర్లు మాటలాడుకొనునపుడు వినువారు ఆవులించిరి. "అది ఇడిసిపెట్టు, దయ్యం సంగతి సదువు" అనిరి. వారిని మెప్పించుటకు మేము పుటలు త్రిప్పితిమి. ఆ ఊరు విన్న నవల యండమూరిగారు వ్రాసినది కాదు, అందులో సగము. ఆ సగమును ఏరి ఇచ్చినవారము మేము.

ఈ నవల మూఢవిశ్వాసములను పెంచునని రంగనాయకమ్మగారు ఆనాడే తీవ్రముగ ఖండించి, "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అను పేర ఒక గ్రంథమే వ్రాసిరి. ఆ పేరు విని మొదట మేము నొచ్చుకొంటిమి. మన కిష్టమైన పుస్తకమును తిట్టినచో మనలను తిట్టినట్లుండును గదా. ఇప్పుడు ఆమె పక్షమున చాల బలమున్నదని మాకు తోచుచున్నది. రెండు దారులును సమానమే యని చెప్పుట పట్నములోని చదువరికి వినోదము. గుడిసెలోని ముసలమ్మకు అది వినోదము కాదు. అట్లని నవలను తగులబెట్టవలెనని మేమనము. భయము పుట్టించుటలో ఆ రచయిత చూపిన నేర్పు తక్కువది కాదు. చదివి వినిపించువానికి మాత్రము, నటునివలె గొంతు మార్చుటతో పని తీరదు.

ఆ తరువాత దొస్తొయేవ్‌స్కీ వ్రాసిన "నేరము-శిక్ష" చేతికి తీసికొనుట యాదృచ్ఛికమో కాదో. 1866 నాటి రష్యను నవల. అందు రాస్కోల్నికోవ్ అను పేద విద్యార్థి, తాకట్టు వ్యాపారము చేయు ఒక ముసలిదానిని గొడ్డలితో చంపును. అనుకోక లోనికి వచ్చిన ఆమె చెల్లెలిని సయితము చంపును. హంతకుడెవడో మనకు మొదటి భాగముననే తెలియును. ఇక ఉత్కంఠ యెక్కడిదందురా? ఆ ముసలిది ఎవరికిని పనికిరానిదనియు, పేనువంటిదనియు, దానిని చంపుట నేరము కాదనియు అతడు ఒక సిద్ధాంతము కట్టుకొనెను. ఆ సిద్ధాంతము అతనిని ఎన్నాళ్లు మోయునన్నదే ఉత్కంఠ. పోర్ఫీరీ అను విచారణాధికారి వానిని బంధింపడు, కూర్చుండబెట్టి మాటలాడించును. చదువుచు చదువుచు మేము రెండు మూడు సార్లు పుస్తకము మూసితిమి. మా ఊరి వారెవరును సిద్ధాంతము కట్టలేదు. తల త్రిప్పి చూచిరి, అంతే. సిద్ధాంతము కంటె అది సులువైనది.

డాఫ్నీ డు మోరియే 1938లో ప్రకటించిన "రెబెకా" గూర్చి రెండు మాటలు. చనిపోయిన మొదటి భార్య కథలో ఎక్కడను కనబడదు. ఐనను ఆ భవనములో ప్రతి కుర్చీయు, ప్రతి రుమాలును ఆమెదే. క్రొత్తగా వచ్చిన భార్యకు రచయిత్రి పేరే పెట్టలేదు. ఇల్లే పాత్రయైన నవల యిది. చదువుచుండగా మాకు మన గడీలు జ్ఞాపకము వచ్చినవి. నల్లగొండ, పాలమూరు సీమలలో పెక్కు గ్రామముల దొరల గడీలు పాడుపడి నిలిచియున్నవి. పెద్ద దర్వాజా, పైన బురుజు, లోన గబ్బిలములు. అందు తిరుగు దయ్యముల కథలు ఊరూర విందుము. దయ్యముల కథలెందుకు? దాశరథి రంగాచార్యగారి "చిల్లర దేవుళ్లు" చదివినవారికి ఆ గోడల లోపల బ్రతికినవారి సంగతి తెలియును. దానిని ఎవరును ఉత్కంఠ నవల అనరు. పాణియను సంగీతజ్ఞుడు బ్రతుకు తెరువు వెదకుచు గడీకి వచ్చును. వెట్టి చేయువారిని, ఆడబాపలను చూచును. రాత్రి దొర పిలుపు ఎవరికి వచ్చునోయని గదులలో ముడుచుకొని యున్న ఆడపిల్లల భయము ముందు ఇంగ్లీషు భవనపు భయము మాకు కొంచెము పలుచనైనట్లు తోచినది. ఇది సరియైన పోలిక కాదని ఎవరైన అందురేమో. కాకపోవచ్చును.

మిగిలిన వానిలో జపాను రచయిత హిగాషినో కేగో 2005లో ప్రకటించిన నవలను మాత్రము పేర్కొందుము. ఇంగ్లీషు అనువాదములో దాని పేరునకు "అనుమానితుడు ఎక్స్ యొక్క అంకితభావము" అని అర్థము. ఒక గణితోపాధ్యాయుడు, ప్రక్కింటి యామె చేసిన హత్యను కప్పిపుచ్చ పూనుకొనును. హంతకి ఎవరో ఆదిలోనే చెప్పి, అంతయు చూపినట్లే చూపి, తుదిని మన కాళ్ల క్రింద చాప లాగును. ఎట్లు లాగెనో చెప్పము. చెప్పినచో పానగల్లు కంబముల లెక్క ముందే చెప్పినట్లగును. తాతగారు మాకట్లు చేయలేదు.

మేనకోడలు సెలవులు ముగిసి పోవునాడు దొంతరలో నుండి ఒక పుస్తకమడిగెను. మేము "తులసిదళం" ఇచ్చితిమి. దానితోపాటు రంగనాయకమ్మగారి పుస్తకమును ఇచ్చితిమి. ముసలమ్మ సంగతియు ఆ దినమే మొదటిసారి చెప్పితిమి. అంతయు విని, "ఆమె పేరేంది మామా?" అని అడిగెను.

మాకు తెలియదు. ఊరిలో అందరము ఆమెను ముసల్ది అనియే అంటిమి. బస్సుకు ఇంకను గంట వ్యవధి యున్నది. లోనికి పోయి, తొంబదేండ్లకు చేరువైన మా తల్లిగారిని లేపి అడిగితిమి. ఆమె చాలసేపు కన్నులు మూసికొని తలపోసి, పేరు చెప్పినది. ఆ పేరుతో పిలిచి ఒకనాడు తవ్వెడు జొన్నలు బదులు తీసికొంటిననియు చెప్పినది. మేనకోడలు కలము తీసి, "తులసిదళం" అట్ట లోపల ఆ పేరు వ్రాసికొని, పుస్తకమును సంచిలో పెట్టుకొన్నది.